పితూరీ అన్న మాట, దాని వెనక బకాయి పుస్తకం

మన వైపు "నామీద పితూరీలు చెప్పకు" అంటే చాడీలు మొయ్యొద్దని. ఇదే మాట తెల్లదొరల దస్త్రాల్లో తగిలితే అర్థం తిరుగుబాటు. గంజాం, విశాఖపట్నం జిల్లాల పాత కాగితాల్లో కొండల్లో ఏ అలజడి రేగినా దాని పేరు పితూరీయే. చాడీ, ఫిర్యాదు, తిరుగుబాటు మూడూ ఒకే మాటలో ఒదిగిపోయాయి. ఆ కాగితాలు చదివేవాళ్ళకి ఇది మంచి ఆనవాలు. రెండో అర్థంలో పితూరీ కనిపించిన ప్రతిచోటా, దానికి ముందు మొదటి అర్థంలో పితూరీ ఒకటి ఉండుంటుంది. ఎవరో ఏదో చెప్పుకుని ఉంటారు, ఎవరూ విని ఉండరు.

కొండవాళ్ళ మీద తెల్లవాళ్ళు అంత హింస ఎందుకు చేశారంటే జాత్యహంకారమనో, దురాశనో, క్రూరత్వమనో జవాబు వస్తుంది. ఏదీ అబద్ధం కాదు. కానీ అహంకారం ఏడాది పొడుగునా ఉంది, కాల్పులు ఏడాది పొడుగునా లేవు. 1864లో పొట్టసింగిలోనే ఎందుకు? 1900లో కొర్రవానివలసలోనే ఎందుకు? (ఈ రెండు ఊళ్ళ కథలూ కింద వస్తాయి.) ఎప్పుడూ ఉండే గుణం ఒక ఫలానా రోజు జరిగిన పనికి కారణం చెప్పలేదు. అందుకని గుణాల్ని పక్కనపెట్టి తారీఖులు పట్టుకోవాలి.

ముందు ఊళ్ళు ఎక్కడున్నాయో చూసుకోవాలి, లేకపోతే దస్త్రాల్లో దారి తప్పుతాం. సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం, సాలూరు, పాచిపెంట ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం చికాకోలు పేరుతో గంజాం జిల్లాలో ఉండేది, ఆ కలెక్టరు కూర్చునేది ఛత్రపురంలో. పాలకొండ, పార్వతీపురం, సాలూరు విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. జయపురం, గుణుపురం కూడా అందులోవే. కాబట్టి ఈ కొండల్లో ఉండే ఆదివాసులు, మన సవరల కథ సగం ఇప్పుడు ఒడిశాలో ఉన్న ఊళ్ళ పేర్లతో ఉంటుంది. శ్రీకాకుళం అని వెతికితే ఏమీ దొరకదు.

ఇక డబ్బు సంగతి. 1765లో మొగలు పాదుషా ఫర్మానా, మరుసటేడు నిజాంతో ఒప్పందం, ఈ రెంటితో ఉత్తర సర్కారులు కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతికొచ్చాయి. 1768లో పర్లాకిమిడి నారాయణదేవుణ్ణి జలుమూరు దగ్గర ఓడించారు. 1794 జూలై 10న పద్మనాభంలో విజయనగరం విజయరామరాజు చనిపోయాడు. అక్కడ తగువు పేష్కషు, అంటే పైవాళ్ళకి కట్టాల్సిన కప్పం, దాని బకాయిల మీద, సొంత సైన్యాన్ని రద్దు చెయ్యమన్నదాని మీద. ఇవి రాజుల యుద్ధాలు, కొండవాళ్ళ మీద పడ్డవి కావు. కానీ కొండ మీదికి దారి ఇక్కణ్ణుంచే మొదలైంది.

1802లో శాశ్వత పైసలా వచ్చింది. అంతకు ముందూ జమీందార్లు పైవాళ్ళకి కట్టేవారు. పంట పోతే సగం కట్టి, మిగతాదానికి వకీలుని పంపి బతిమాలి, అవసరమైతే నాలుగు తుపాకులు చూపించి బేరమాడేవారు. పైసలా ఆ బేరాన్ని తీసేసింది. మొత్తం ఖాయం, నగదు ఖాయం, కిస్తీ తారీఖు ఖాయం. తప్పితే జప్తు, వేలం. విజయనగరం మీద 5 లక్షల రూపాయలు వేస్తే, అంతకన్నా ఎంతో విశాలమైన జయపురం మీద 16,000 వేశారు. కొండల్లో నగదు పుట్టదని దొరలకి తెలుసన్నమాట. తెలిసి కూడా నగదే అడిగారు.

ఆ రూపాయి ఎక్కడ పుట్టాలి? కుంపిణీకి జమీందారు కట్టాలి, జమీందారుకి ముఠాదారు (కొన్ని కొండ ఊళ్ళ మీద పెత్తందారు), ముఠాదారుకి ఊరిపెద్ద. ఊరిపెద్ద కింద ఉన్న సవరకో జాతాపుకో కొండదొర తెగవాడికో నగదుతో పని లేదు. అతని దగ్గరున్నవి చోళ్ళు, సామలు, కందులు, చింతపండు, పసుపు, కరక్కాయలు. వెండి రూపాయి కనిపించేది సంతలో, షావుకారు సంచిలో. అంటే మద్రాసులో కూర్చుని నగదు పేష్కషు ఖాయం చేసినవాడు, తెలిసో తెలియకో, కొండకింద ప్రతి సంతలోనూ ఒక షావుకారుకి పట్టాభిషేకం చేశాడు. ఉప్పు, బట్ట, ఇనుము కోసం ఆషాఢంలో అప్పు తీసుకుంటే, తీర్చేది పంట చేతికొచ్చి ధర పడిపోయినప్పుడు. ఇచ్చేటప్పుడొక కుంచం, పుచ్చుకునేటప్పుడింకొక కుంచం. వడ్డీ తీరకపోతే భూమి, భూమి పోతే మనిషి, మనిషి చాలకపోతే అతని కొడుకు. 1917లో ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టం ఏడాదికి నూటికి 24 మించి వడ్డీ తీసుకోకూడదంది. మన లెక్కలో నూటికి రెండు రూపాయల వడ్డీ. బజార్లో మామూలుగా నడిచే వడ్డీని గరిష్ఠమని చట్టం రాయాల్సొచ్చిందంటే కొండమీద నడిచిందెంతో ఊహించుకోవచ్చు. అప్పుకింద వెట్టిని ఏజెన్సీలో నిషేధించడానికి 1940 రావాల్సొచ్చింది.

ఇది మనకి కాస్త చేదుగా ఉంటుంది. దొర ఏడాదికోసారి కూడా కొండెక్కడు, జ్వరమంటే భయం. రోజువారీ చెయ్యి మనదే. సొండి సారాకొట్టు, కోమటి అంగడి, తెలుగు గుమాస్తా, ఒడియా కరణం, మైదానం నుంచొచ్చిన జవాను. దొర ఉద్దేశం ఒకటైతే వీళ్ళ ఉద్దేశం ఇంకొకటి. రెండూ కలిసిన చోట కొండవాడికి తప్పుకునే సందు లేదు.

బకాయి యుద్ధంగా ఎలా మారుతుందో గుంసూరులో విప్పి చూడొచ్చు. గంజాం కొండల్లో ఉన్న ఈ జమీందారీ బకాయి పడింది. 1835లో జమీందారు ధనంజయ భంజ్ కొండల్లోకి, అక్కడి ఆదివాసులైన ఖోందుల దగ్గరికి పారిపోయాడు. వాళ్ళు ఆశ్రయమిచ్చారు, ఆశ్రయమిచ్చినవాణ్ణి అప్పగించం అన్నారు. ఖోందులు కుంపిణీకి ఒక్క దమ్మిడీ బాకీ లేరు. వాళ్ళ తప్పల్లా అతిథిని అప్పగించకపోవడం. సైన్యం కొండెక్కింది, ఊళ్ళు తగలబెట్టింది, పట్టుబడ్డవాళ్ళని ఉరితీసింది. 1837 దాకా సాగింది. సర్కారు పంపిన జార్జి రస్సెల్ చివరికి తేల్చింది ఇదీ: మైదానపు కోర్టులు, జప్తులు, వేలాలు ఈ కొండల్లో పనిచెయ్యవు. ఒక కిస్తీకి జప్తు చెయ్యబోతే సైన్యానికి అయ్యే ఖర్చు కిస్తీ కన్నా ఎక్కువ. అందుకే 1839 చట్టం, గంజాం, విశాఖ కొండల్ని మామూలు చట్టాల పరిధి నుంచి తప్పించి కలెక్టరుకే గవర్నరు ఏజెంటు హోదా ఇచ్చింది. శిస్తు వసూలు చేసేవాడూ, శిక్ష వేసేవాడూ ఒక్కడే అయ్యాడు. మనం ఇప్పటికీ అంటున్న 'ఏజెన్సీ' ఆ ఏజెంటు పేరే. కొండవాళ్ళ మీద జాలితో ఇచ్చిన మినహాయింపని కొందరు రాస్తారు. అది దయ కాదు, ఖర్చు లెక్క. ఆ లెక్కే తర్వాత ఆదివాసుల భూముల్ని కాపాడే 1917 చట్టానికి, 1959 నిబంధనకి, 1970 నాటి 1/70కి పునాది కావడం వేరే విచిత్రం.

నరబలి సంగతి ఇక్కడే చెప్పాలి, చాలామంది తలకిందులుగా చెబుతారు కాబట్టి. ఖోందుల్లో మెరియా బలి ఉండేది, కట్టుకథ కాదు. దాన్ని ఆపాలనుకున్న దొరల్లో నిజంగా మనసు కదిలినవాళ్ళూ ఉన్నారు. కానీ వరస చూడండి. బకాయి గొడవ 1835లో. బకాయిదారు కోసం కొండెక్కిన రస్సెల్ నివేదికలతోనే మెరియా సంగతి సర్కారుకి బాగా తెలిసింది 1836లో. మెరియా ఏజెన్సీ పెట్టింది 1845లో. ఊళ్ళు తగలబడినప్పుడు నరబలి కారణం కాదు, తగలబెట్టాక దొరికిన కారణం. ఒకసారి దొరికాక మాత్రం బాగా పనికొచ్చింది. శిస్తు కోసం సైన్యమంటే లండనులో ప్రశ్నలొస్తాయి, నరబలి ఆపడానికంటే రావు. ఏ దేశపు వలస చరిత్రలోనైనా ఉద్ధరణ అన్న మాట మొదట ఏ కాగితంలో వచ్చిందో, మొదటి తుపాకి ఎప్పుడు పేలిందో పక్కపక్కన పెట్టుకుంటే సగం సంగతి బోధపడుతుంది.

పొట్టసింగి మన సవరల కథల్లో ముఖ్యమైనది. అప్పటి విశాఖపట్నం జిల్లా గుణుపురం వైపు కొండల్లో, ఇప్పటి భామినికి ఎగువన ఒడిశాలో ఉంది. 1864లో అక్కడి పోలీసులు ఒక సవర ఊరిపెద్దని అక్రమంగా పట్టుకున్నారు. అక్రమమని నేననడం కాదు, 1907లో సర్కారే అచ్చేసిన జిల్లా గెజిటీరు ఒప్పుకున్న మాట. సవరలు వచ్చి ఆయన్ని విడిపించుకున్నారు, ఇన్‌స్పెక్టరునీ నలుగురు కానిస్టేబుళ్ళనీ చంపారు, ఠాణా తగలబెట్టారు. సర్కారు జయపురం రాజుని పురమాయించింది. 24 మందిని పట్టుకొచ్చారు. తొమ్మండుగురికి ద్వీపాంతరవాస శిక్ష, ఐదుగురికి ఉరి. సాయపడినందుకు రాజుకి ఒక రైఫిలు, ఇంకొన్ని కానుకలు ముట్టాయి.

ఉరి ఎక్కడ తీశారో గమనించండి. విశాఖపట్నం జైల్లో కాదు, పొట్టసింగికి వెళ్ళే ఘాటు మొదట్లో, జల్తేరాలో. కొండ దిగి ఏ సంతకి వెళ్ళినా సవరలు నడిచే దారి అది. శిక్ష చచ్చినవాడికి కాదు, దారిన పోయేవాళ్ళకి. ఇక్కడ కనిపించేది డబ్బు ఉద్దేశం కాదు. పొట్టసింగి నుంచి ఏడాదికొచ్చే రాబడి ఈ దండయాత్ర ఖర్చుకి ఏ మూలకీ చాలదు. ఇది పరువు. దొరల కాగితాల్లో 'ప్రెస్టీజి' అని రాసేది దీన్నే. జిల్లా మొత్తానికి తెల్ల అధికారులు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమంది, చేతిలో ఉన్నది కొన్ని వందల జవాన్లు, ఎదురుగా లక్షల జనం. ఆ కొద్దిమందికి ఎదురు తిరిగితే ఏమీ కాదని ఒక్క ఊరికి తెలిసినా, పక్కూరికి తెలియడానికి ఒక్క సంత చాలు. అందుకే మొదటి తప్పు పోలీసులదని తెలిసినా శిక్ష తగ్గలేదు. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుంది. బలవంతుడి హింసకి ధీమా కన్నా భయమే దగ్గరి చుట్టం, సంఖ్య తక్కువైనకొద్దీ శిక్ష ఘోరమవుతుంది. అయినా కొండ వెంటనే చల్లారలేదు. మరుసటేడు ఠాణా పెట్టడానికి వెళ్ళిన పోలీసుల మీదా సవరలు పడ్డారు.

మూడో ఉద్దేశం అడవి. ఇది నెమ్మదిగా, కాగితం మీద జరిగే హింస కాబట్టి పితూరీల జాబితాల్లో ఎక్కదు.

పాలకొండ జమీందారీని 1830ల మొదట్లో తిరుగుబాటు పేరు మీద జప్తు చేశారు. 1846 నుంచి దాన్ని మద్రాసులోని ఆర్బత్నాట్ కంపెనీకి కౌలుకిచ్చారు. దక్షిణాన గొలుగొండని బకాయి కింద వేలం వేసి సర్కారే కొనుక్కుంది. తర్వాత విశాఖ జిల్లాలో సర్కారు అడవులని చెప్పుకున్నవి ప్రధానంగా ఈ రెండుచోట్లవే: గొలుగొండ కొండలు, పాలకొండ కొండలు. మిగతావి జమీందార్లవి. అంటే బకాయి పుస్తకం మూసిన చోటే అడవి పటం తెరుచుకుంది.

1882 మద్రాసు అడవుల చట్టం ప్రకారం ఒక కొండ రిజర్వు, అంటే సర్కారు కాపుదలలోని అడవి, కావడానికి మెట్లున్నాయి. నాలుగో సెక్షను కింద ఈ హద్దుల లోపలిది రిజర్వు చెయ్యదలిచామని గెజెట్లో ప్రకటన. ఆరో సెక్షను కింద సెటిల్‌మెంటు అధికారి ఊళ్ళల్లో ప్రకటించి హక్కులు చెప్పుకోవడానికి గడువిస్తాడు, మూడు నెలలకి తక్కువ కాకుండా. ఈ మధ్యలో కొత్తగా నరకడం నిషేధం. విచారణ అయ్యాక పదహారో సెక్షను కింద తుది ప్రకటన. ఆ రోజు నుంచి నిప్పు పెట్టినా, చెట్టు కొట్టినా, మేకని తోలినా నేరం. చదవడానికి ఎంత న్యాయంగా ఉంది!

తేడా ఎక్కడొచ్చిందంటే పోడు లెక్కలో. పోడు చేసేవాళ్ళు చలికాలం చివర్లో చెట్టూ పొదా నరికి ఎండబెడతారు, వానలకి ముందు కాలుస్తారు, తొలకరికి ఆ బూడిదలో గోతికర్రతో గుచ్చి చోళ్ళూ సామలూ కందులూ కలిపి వేస్తారు. రెండు మూడేళ్ళు పండించి, సారం తగ్గాక వదిలేసి పక్క చెక్కకి వెళతారు. వదిలేసిన చెక్క మళ్ళీ అడవై తిరిగి వంతుకి రావడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. అంటే ఒక కుటుంబానికి ఏ ఏడైనా ఒక చెక్కే సాగులో ఉంటుంది, మూడు నాలుగు చెక్కలు 'ఖాళీగా' ఉంటాయి. సర్వే గొలుసు పట్టుకొచ్చినవాడికి కనిపించేది ఆ ఏడు కాల్చిన చెక్క ఒక్కటే, తక్కినదంతా ఎవరిదీ కాని అడవి. ఇక హక్కులు చెప్పుకోవాల్సింది కచేరీలో, తెలుగులోనో ఒడియాలోనో. సవర భాషకి అప్పటికి లిపి లేదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని ఆ పిల్లలకి వాళ్ళ భాషలోనే పాఠాలు చెప్పించాలని పూనుకునేదాకా, మైదానంలో చదువుకున్నవాళ్ళెవరూ ఆ మాటని మాటగా లెక్కపెట్టలేదు. మూడు నెలల గడువు సవరకి ఏమీ తెలియకుండానే పోయేది.

దొరల వాదం పోడు అడవిని నాశనం చేస్తుందని. జనం పెరిగి, వదిలేసే ఏళ్ళు తగ్గితే కొండ బోడి అవుతుంది, అది నిజమే. కానీ ఆ ఏళ్ళు తగ్గేది చెక్కలు తగ్గితే, చెక్కల్ని తగ్గించింది రిజర్వు గీత. పైగా సవరలు కొండవాలు మీద రాళ్ళ కట్టలు పేర్చి, ఊట నీటిని మడి నుంచి మడికి దింపి వరి పండించే నిపుణులు. సేద్యం తెలియనివాళ్ళన్న మాటకి ఆ మళ్ళే జవాబు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1890లలో, తూర్పు కోస్తా రైలుదారి వేశారు. మైలు దారికి రమారమి 2,000 స్లీపర్లు కావాలి, అందుకు గుగ్గిలం చెట్టు శ్రేష్ఠం. కత్తి పట్టినవాడి కన్నా కంట్రాక్టు పట్టినవాడు ఎంత అడవి తిన్నాడో ఆ చట్టం అడగలేదు.

అడవి తగువు కొండవాళ్ళతో ఆగలేదని కూడా చెప్పుకోవాలి. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలో, గుడారి రాజమణిపురంలో, అడవి కర్ర దగ్గర మొదలైన రైతుల గొడవలో పోలీసు కాల్పులకి గున్నమ్మ బలైంది.

కల్లు సంగతి క్లుప్తంగా. జీలుగు కల్లు కొండల్లో సగం ఆహారం. దాని మీద పన్ను వేసి, గుత్తకిచ్చి, సొంతానికి గీసుకోవడం నేరం చేస్తే ఏమవుతుందో 1879 రంప పితూరీ చూపించింది. అది గోదావరి వైపు కథ, ఇక్కడ సాగదీయను.

బయటి దేశాలతో పోలిస్తే మన కొండల్లో ఒక తేడా ఉంది. టాస్మానియాలో వలసొచ్చినవాళ్ళకి కావలసింది గొర్రెలకి బీడు. అక్కడి ఆదివాసులు ఆ లెక్కలో అడ్డం మాత్రమే. అందుకే 1830లో 2,000 మందికి పైగా వరసకట్టి దీవిని జల్లెడ పట్టారు. మనుషులు లేని నేల కావాలి వాళ్ళకి. కాంగోలో బెల్జియం రాజు లియోపోల్డుకి రబ్బరు కావాలి, రబ్బరు తీసే చేతులు కావాలి. అక్కడ హింస తరిమేది కాదు, పని చేయించేది. మన ఏజెన్సీ ఈ రెండో రకానికి దగ్గర. శిస్తుకీ, చింతపండుకీ, రోడ్డు వెట్టికీ, అస్సాం తేయాకు తోటల కూలికీ మనుషులు ఉండాలి, లొంగి ఉండాలి. దొరలు మనవాళ్ళని టాస్మానియాలోలా తుడిచిపెట్టలేదని మంచితనం కింద లెక్కవేసేవాళ్ళుంటారు. కావలసినది వేరు, అంతే. అడవి దగ్గరికొచ్చేసరికి ఇక్కడా మొదటి రకం బుద్ధే కనిపిస్తుంది, చెట్లుండాలి, మనుషులు అక్కర్లేదు.

ఈ దృష్టితో ఏ పితూరీ దస్త్రమైనా చదవాలంటే ముందు నాలుగైదేళ్ళ కాగితాలు తెరవాలి. బకాయి ఉందా, కొత్త పన్నుందా, అడవి గీత కదిలిందా, ఎవరినైనా అక్రమంగా పట్టుకున్నారా? తర్వాత, మొదట చచ్చింది ఎవరు, ప్రతీకారానికి ఎన్ని రోజులు పట్టింది? కిస్తీ కోసమైతే నెలలు ఆగుతారు, పరువు కోసమైతే రోజులు కూడా ఆగరు. చివరగా, కారణమంటూ రాసిన మాట గొడవకి ముందు రాసిందా, తర్వాత రాసిందా?

కొర్రవానివలస మీద ఈ ప్రశ్నలు వేసి చూద్దాం. సాలూరు తాలూకా, 1900. కొర్ర మల్లయ్య అనే కొండదొర తెగవాడికి పూనకమొచ్చిందన్నారు. తాను పంచపాండవుల్లో ఒకణ్ణన్నాడు, పసివాడైన కొడుకుని శ్రీకృష్ణుడన్నాడు. ఇంగ్లీషువాళ్ళని వెళ్ళగొట్టి తానే ఏలతానన్నాడు. నాలుగైదు వేలమంది చేరారు. వెదురు బొంగుల్ని తుపాకుల్లా చెక్కించి కవాతు చేయించాడు. సమయానికి అవి నిజం తుపాకులవుతాయి, సర్కారు ఆయుధాలు నీళ్ళయిపోతాయి అన్నాడు. పాచిపెంట దోస్తామని కబురంపారు. మే 5న చూడ్డానికి వెళ్ళిన ఇద్దరు కానిస్టేబుళ్ళని కొట్టి చంపారు. శవాల్ని తెచ్చుకోవడం కూడా పోలీసుల వల్ల కాలేదు. జిల్లా మేజిస్ట్రేటు స్వయంగా వచ్చి విశాఖపట్నం, పార్వతీపురం, జయపురాల నుంచి రిజర్వు పోలీసుల్ని రప్పించాడు. మే 7 తెల్లవారుజామున మీద పడ్డారు. పదకొండుమంది చచ్చారు. అరవైమంది మీద అల్లరి కేసు, ముగ్గురి మీద హత్యకేసు. ఆ ముగ్గురిలో ఇద్దరిని ఉరితీశారు, మల్లయ్య జైల్లోనే పోయాడు.

రెండో ప్రశ్నకి జవాబు సులువు, రెండే రోజులు. మూడోదానికీ సులువే, కారణం కింద గెజిటీరు రాసింది మతపిచ్చి అని, రాసింది ఏడేళ్ళ తర్వాత. మొదటి ప్రశ్నకే ఆ పేజీలో జవాబు లేదు. నాలుగైదు వేలమంది పొలం పనులు మొదలయ్యే వేళ ఇల్లూ వాకిలీ వదిలి వెదురు బొంగులు ఎందుకు పట్టారో అందులో ఒక్క వాక్యం లేదు. బొంగులు ఎలా చెక్కారో ఉంది. మల్లయ్య కొడుకు, ఆ 'కృష్ణుడు' కూడా చచ్చిపోయాడని, దాంతో గొడవ సద్దుమణిగిందని ఉంది.